అమెరికా సిటిజన్‌ను పెళ్లాడినవాళ్లకు గ్రీన్ కార్డు: మన తిరుపతి, చిత్తూరు వాళ్ల ఫైలు ఆగేది బర్త్ సర్టిఫికెట్ దగ్గరే

ముందు ఒక విషయం తేల్చుకోవాలి. సంబంధం మాట్లాడేటప్పుడు "అబ్బాయి అమెరికాలో సెటిలయ్యాడు" అంటారు. ఆ ఒక్క మాటలో మూడు రకాలున్నాయి. హెచ్-1బీ మీద ఉన్నవాడి భార్యకు వచ్చేది హెచ్-4, అది తాత్కాలిక వీసా. గ్రీన్ కార్డు ఉన్నవాడి భార్య వరుసలో నిలబడాలి, ఏటా ఇచ్చే సంఖ్యకు పరిమితి ఉంటుంది. అమెరికా పాస్‌పోర్టు ఉన్న సిటిజన్ భార్యకు, లేదా భర్తకు, ఆ పరిమితి లేదు. నేను ఇక్కడ రాస్తున్నది ఈ మూడో రకం గురించే. పాస్‌పోర్టు ఏ దేశానిదో పెళ్లిచూపుల్లోనే అడగండి, మొహమాటం వద్దు.

పద్ధతి చెప్పుకోవడానికి చిన్నదే. అమెరికాలో ఉన్న సిటిజన్ ముందు ఐ-130 అనే పిటిషన్ వేస్తారు, దాంతోపాటు ఇక్కడున్న వాళ్ల వివరాలతో ఐ-130ఏ. అది అప్రూవ్ అయ్యాక ఫైలు నేషనల్ వీసా సెంటర్‌కు వెళ్తుంది, అందరూ ఎన్‌వీసీ అంటారు. అక్కడ 325 డాలర్లు వీసా ఫీజు, 120 డాలర్లు అఫిడవిట్ ఆఫ్ సపోర్ట్ (స్పాన్సర్ ఇచ్చే ఆర్థిక హామీ పత్రం) ఫీజు కట్టి, డీఎస్-260 అనే వీసా దరఖాస్తు ఫారం నింపి, కాగితాలు స్కాన్ చేసి అప్‌లోడ్ చేయాలి. అన్నీ సరిగ్గా ఉన్నాయని వాళ్లు తేల్చాక మెడికల్, ఆ తర్వాత ముంబై కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ. హైదరాబాద్‌లో, చెన్నైలో కాన్సులేట్లు ఉన్నాయి కదా అని అక్కడ ప్రయత్నించి లాభం లేదు. మన కేసు నంబరు బీఎంబీ అనే అక్షరాలతో మొదలవుతుంది, అంటే బొంబాయి.

స్పాన్సర్ చేసేవాళ్ల ఆదాయం గురించి ఇక్కడివాళ్లు పడే కంగారు ఎక్కువ. అమెరికా ప్రభుత్వం ఏటా ప్రకటించే పేదరిక రేఖకు 125 శాతం ఉంటే సరిపోతుంది. లేకపోతే అక్కడే ఉన్న మరో సిటిజన్ గానీ గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు గానీ జాయింట్ స్పాన్సర్‌గా సంతకం పెట్టొచ్చు. ఆ కాగితాలన్నీ అటువైపు వాళ్ల పని. మన ఇంట్లో ఉండాల్సినవి వేరే.

పెళ్లి సర్టిఫికెట్‌తో మొదలుపెడదాం. కల్యాణ మండపం రసీదు, శుభలేఖ, గుడిలో పెళ్లి చేసుకుంటే వాళ్లిచ్చిన కాగితం, ఇవేవీ రిజిస్ట్రేషన్ కావు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇద్దరూ, సాక్షులూ సంతకాలు పెట్టి తెచ్చుకున్న సర్టిఫికెట్ కావాలి. పెళ్లి తిరుపతిలో జరిగినా, పలమనేరులో జరిగినా, కాణిపాకంలో జరిగినా ఇదే మాట. మనవాళ్లు తడబడేది ఒకచోట: పెళ్లికొడుకు రెండు వారాల సెలవు మీద వస్తాడు. పెళ్లి, రిసెప్షన్, కొండ మీద దర్శనం, అత్తారింటి భోజనాలు. అన్నీ అయ్యాక రిజిస్ట్రేషన్ గుర్తొచ్చేసరికి ఆయన విమానం దిగి ఆఫీసులో కూర్చుని ఉంటాడు. ఆయన మళ్లీ వచ్చి సంతకం పెట్టేదాకా ఐ-130 వేయడానికి సరైన రుజువే ఉండదు. పెళ్లి ముహూర్తం పెట్టుకున్న రోజే రిజిస్ట్రేషన్ తేదీ కూడా క్యాలెండర్‌లో రాసుకోండి. అంతకన్నా కష్టం లేదు ఇందులో.

ఇది విడాకుల తర్వాత చేసుకున్న రెండో పెళ్లి అయితే కోర్టు డిక్రీ తప్పనిసరి. పెద్దమనుషులు కూర్చుని స్టాంపు పేపర్ మీద రాయించిన విడాకుల పత్రం చూపించి నెగ్గుకురావాలనుకోవద్దు. డిక్రీ తేదీ ఈ పెళ్లి తేదీకి ముందు ఉండాలి. భర్తకు అక్కడ పాత విడాకులుంటే వాటికీ ఇదే వర్తిస్తుంది.

ఇక అసలు చిక్కు బర్త్ సర్టిఫికెట్.

మన దగ్గర పాస్‌పోర్టు నుంచి ఉద్యోగం దాకా పుట్టిన తేదీకి పదో తరగతి సర్టిఫికెట్టే ఆధారంగా నడిచిపోయింది. 1980ల్లో, 90ల్లో పుట్టినవాళ్లలో చాలామంది బర్త్ సర్టిఫికెట్ ముఖం చూడలేదు. ఎన్‌వీసీకి మాత్రం ముందు కావాల్సింది అదే. అందులో నాలుగు సంగతులు కనబడాలి: బిడ్డ పేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, తల్లిదండ్రులిద్దరి పేర్లు. ఒక్కటి తక్కువైనా ఆన్‌లైన్‌లో ఆ కాగితం పక్కన తిరస్కరించినట్టు చూపిస్తుంది.

ఎక్కడ వెతకాలన్నదే చాలామందికి తెలియదు. జననం నమోదయ్యేది పుట్టిన చోట, మీ నాన్నగారి ఊళ్లో కాదు. తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మన ఆనవాయితీ. మీ ఇల్లు తిరుపతిలో ఉండొచ్చు, మీ అమ్మగారి పుట్టిల్లు పుంగనూరు అయితే రిజిస్టర్ పుంగనూరు మున్సిపాలిటీలో ఉంటుంది. పల్లెలో ఇంట్లోనే కాన్పయితే ఆ పంచాయతీలో. చిత్తూరు, గంగాధర నెల్లూరు వైపు కుటుంబాల్లో వేలూరులో పుట్టినవాళ్లు కొల్లలు. వాళ్ల రికార్డు తమిళనాడులో ఉంటుంది కాబట్టి ఇక్కడి మీసేవలో ఎన్నిసార్లు వెతికినా దొరకదు. అక్కడి కాగితం తమిళంలో ఉంటే ఇంగ్లీషు అనువాదం జత చేయాలి. అనువదించినవాళ్లు "నాకు రెండు భాషలూ వచ్చు, ఇది సరైన అనువాదం" అని రాసి సంతకం పెడితే చాలు. దానికి వేలకు వేలు అడిగేవాళ్లను నమ్మకండి. మన తెలుగు సర్టిఫికెట్లకూ ఇదే పద్ధతి.

సరే, రిజిస్టర్ దొరికింది. సర్టిఫికెట్ చేతికొచ్చాక పేరు గడి చూడండి. చాలా పాత సర్టిఫికెట్లలో అక్కడ ఒక గీత ఉంటుంది, లేదా ఖాళీగా ఉంటుంది. ఆసుపత్రివాళ్లు నమోదు చేసే నాటికి బారసాల కాలేదు, పేరు పెట్టలేదు, ఆ తర్వాత ఎవరూ వెళ్లి చేర్పించలేదు. జనన మరణాల నమోదు నిబంధనల ప్రకారం ఏడాదిలోపు ఉచితంగా, ఆ తర్వాత 15 ఏళ్లలోపు కొద్ది రుసుముతో పేరు చేర్పించుకోవచ్చు. ముప్ఫై ఏళ్ల మనిషి వెళ్లి అడిగితే కుదరదని తిప్పి పంపడమే ఎక్కువ. అలా అయితే ఆ పేరులేని సర్టిఫికెట్‌ను పక్కన పడేయకండి. దాన్నే పెట్టి, దానికి తోడు పదో తరగతి సర్టిఫికెట్, తల్లిదండ్రుల నోటరీ అఫిడవిట్లు జత చేయాలి. "ఫలానా తేదీన, ఫలానా ఊళ్లో పుట్టిన మా బిడ్డ ఈమే" అని వాళ్లు రాసిచ్చేది కాలక్షేపం కాగితం కాదు, దానికి విలువుంది. తల్లిదండ్రులు లేకపోతే మీకన్నా వయసులో పెద్దవాళ్లయిన దగ్గరి బంధువులు, మేనమామో పెద్దమ్మో, ఇవ్వొచ్చు.

రికార్డే లేకపోతే? అదీ మామూలే. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. అది వచ్చాక కూడా పల్లెల్లో ఇంటి కాన్పులు రాయించినవాళ్లు తక్కువ. ఇక్కడ మీకు రెండు దారులు. ఒకటి, రిజిస్ట్రార్ దగ్గర నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ తీసుకోవడం. "ఈ పేరు, ఈ తేదీ, ఈ తల్లిదండ్రులతో మా దగ్గర నమోదు లేదు" అని వాళ్లు రాసిస్తారు. అందులో మీ వివరాలు పూర్తిగా ఉండాలి. ఉత్త "రికార్డు లేదు" అని ఒక వరుస రాసిస్తే అక్కడే నిలబడి మళ్లీ రాయించుకోండి. దానికి పైన చెప్పిన అఫిడవిట్లు, స్కూలు కాగితాలు తోడవ్వాలి. రెండోది, ఆలస్యపు నమోదు. ఏడాది దాటిన జననానికి ఆర్డీవో ఉత్తర్వు కావాలి. మీసేవలో దరఖాస్తు, తహశీల్దార్ విచారణ, ఆ తర్వాత ఉత్తర్వు, దాని మీద సర్టిఫికెట్. దానిమీద నమోదు తేదీ ఈ మధ్యదే ఉంటుంది. చూసి భయపడకండి, అది దొంగ కాగితం కాదు. కానీ పుట్టిన ముప్ఫై ఏళ్లకు నమోదైన కాగితాన్ని అధికారి ఒంటరిగా నమ్మరు, కాబట్టి స్కూలు రికార్డు చేతిలో ఉంచుకోండి. నన్నడిగితే, వీసా ఒక్కటే పని అయితే మొదటి దారి తేలిక.

పేర్ల తేడా గురించి ఒక మాట. సర్టిఫికెట్‌లో నాన్న పేరు "కె. మునిరత్నం", పాస్‌పోర్టులో ఇంటిపేరు విడమరిచి, చివర రెడ్డో నాయుడో చేరి ఉంటుంది. అమ్మ ఒకచోట లక్ష్మమ్మ, ఇంకోచోట లక్ష్మీదేవి. మన ఇళ్లల్లో ఇది సర్వసాధారణం, దీనికి రెండు పేర్లూ ఒకరివేనని అఫిడవిట్ సరిపోతుంది. పుట్టిన తేదీ తేడా మాత్రం చిన్న విషయం కాదు. స్కూల్లో చేర్చేటప్పుడు అయ్యవారు జూన్ నెలలో ఏదో తేదీ వేసేశారు, అసలు తేదీ వేరే. ఇలాంటప్పుడు ఫారాల్లో ఏదో ఒకటి నింపేసి ముందుకుపోవద్దు. ఐ-130 వేయకముందే ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడాలి. ఇంకో అనుమానం కూడా తరచూ వినబడుతుంది: సర్టిఫికెట్‌లో చిత్తూరు జిల్లా అని ఉంది, ఇప్పుడు మాది తిరుపతి జిల్లా, మార్పించాలా? అక్కర్లేదు. తిరుపతి జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. శ్రీకాళహస్తిలో 1994లో పుట్టినవాళ్ల కాగితంలో చిత్తూరు జిల్లా ఉండటమే సబబు.

కాగితాలకు నెలలు పడుతున్నా ఎన్‌వీసీని మరిచిపోకండి. ఏడాది పాటు మీ వైపు నుంచి ఏ కదలికా లేకపోతే కేసు రద్దు కావచ్చు. మధ్యలో ఒకసారి లాగిన్ అయినా, ఒక ప్రశ్న పంపినా బతికే ఉంటుంది.

బర్త్ సర్టిఫికెట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగేటప్పుడే మధ్యవర్తి దొరుకుతాడు. ఆఫీసు ఎదుట జిరాక్స్ షాపు దగ్గర, "మీరేం టెన్షన్ పెట్టుకోవద్దు అక్కా, పేరుతో సహా వారంలో తెప్పిస్తా, రిజిస్టర్ నంబర్ కూడా ఉంటాది" అంటాడు. ఆ నంబరు రిజిస్టర్‌లో ఇంకొకరిదై ఉంటుంది. కాన్సులేట్ వాళ్లు అనుమానమొస్తే కాగితం ఇచ్చిన ఆఫీసునే అడిగి చూసుకుంటారు. దొంగ సర్టిఫికెట్ అని తేలితే పోయేది ఆ ఒక్క ఇంటర్వ్యూ కాదు. మోసపూరితంగా సమర్పించారన్న ముద్ర పడితే అమెరికా ప్రవేశానికి జీవితాంతం అడ్డం, దాన్ని దాటాలంటే వేరే మాఫీ దరఖాస్తు, వేరే పోరాటం. నిజంగా పెళ్లయి, నిజంగా అర్హత ఉన్నవాళ్లు ఒక గీత గడి కోసం ఈ గోతిలో పడటం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. పేరులేని అసలు కాగితం, పేరున్న దొంగ కాగితం కన్నా వెయ్యి రెట్లు మేలు.

డబ్బు తీసుకుని ఫారాలు నింపేవాళ్లు చేసే ఇంకో పని తమ ఈమెయిల్ పెట్టడం. అప్పుడు ఎన్‌వీసీ ఉత్తరాలన్నీ వాళ్లకే వెళ్తాయి, ప్రతి ఉత్తరానికీ మీ దగ్గర ఫీజు వసూలవుతుంది. కేసు నంబరు, ఇన్‌వాయిస్ నంబరు, పాస్‌వర్డ్ మీ ఇద్దరి దగ్గరే ఉండాలి. "ముంబైలో మనోళ్లున్నారు" అనే మాట వింటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. "ముందు టూరిస్టు వీసా మీద పొండి, అక్కడికి పోయాక మార్చుకోవచ్చు" అనే సలహా కూడా అంతే ప్రమాదం. ఉండిపోవాలన్న ఉద్దేశం మనసులో పెట్టుకుని చుట్టపుచూపు అని చెప్పి దిగితే, దాన్ని అబద్ధం కిందే లెక్కగడతారు.

మిగిలినవి సులువు. పోలీస్ క్లియరెన్స్ పాస్‌పోర్టు ఆఫీసు ఇచ్చింది కావాలి. తిరుపతి పాస్‌పోర్టు సేవా కేంద్రంలో స్లాట్ తీసుకుంటే 500 రూపాయలతో అయిపోతుంది. ఊరి స్టేషన్‌లో ఎస్సై గారు రాసిచ్చిన లెటర్ చెల్లదు. పదహారేళ్లు దాటాక కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఏడాది, అంతకుమించి ఉండొస్తే ఆ దేశపు పోలీస్ సర్టిఫికెట్ కూడా కావాలి. మన జిల్లాల్లో గల్ఫ్ వెళ్లొచ్చినవాళ్లు దీన్ని చివరి నిమిషంలో తెలుసుకుంటారు, ముందే మొదలుపెట్టండి. మెడికల్ కాన్సులేట్ గుర్తించిన ప్యానెల్ డాక్టర్ల దగ్గరే చేయించాలి. ఎంత పెద్ద ఆసుపత్రి అయినా ఆ జాబితాలో లేకపోతే వాళ్ల రిపోర్టు పనికిరాదు.

ఇంటర్వ్యూకు అప్‌లోడ్ చేసిన ప్రతి కాగితం ఒరిజినల్ పట్టుకెళ్లాలి. పెళ్లి నిజమేనా అన్నదే వాళ్లు చూసేది. పెద్దలు కుదిర్చిన సంబంధం అంటే అనుమానిస్తారేమో అని భయపడేవాళ్లున్నారు, ఆ భయం వద్దు. మన పెళ్లిళ్ల సంగతి వాళ్లకు బాగా తెలుసు. రెండు కుటుంబాలూ ఉన్న ఫోటోలు, ఆయన వచ్చివెళ్లిన టికెట్లు, మీ మధ్య మెసేజీలు కొన్ని చాలు. బట్టీపట్టిన సమాధానాలు మాత్రం చెప్పకండి. ఆయన ఉద్యోగం ఏమిటో, షిఫ్టు ఎప్పుడో, అత్తగారు ఎక్కడుంటారో మీకు తెలిసినట్టు చెప్పండి.

వీసా వచ్చాక 235 డాలర్ల ఇమిగ్రెంట్ ఫీజు కట్టి వెళ్తే కార్డు అక్కడి చిరునామాకు వస్తుంది. అమెరికాలో అడుగుపెట్టే నాటికి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే ఆ కార్డు రెండేళ్లకే ఇస్తారు. దాని గడువు ముగిసే ముందు 90 రోజుల్లో ఇద్దరూ కలిసి, ఆ రెండేళ్ల షరతు తీసేయమని కోరే ఐ-751 పిటిషన్ వేయాలి. ఎవరో గుర్తుచేస్తూ ఉత్తరం పంపుతారని ఎదురుచూడకుండా, కార్డు మీద తేదీ చూసి 90 రోజులు వెనక్కి లెక్కపెట్టి ఆ రోజే ఫోన్‌లో అలారం పెట్టుకోండి.