లింక్డ్ఇన్‌లో ఏటికొప్పాక బొమ్మలు అమ్మాలంటే
ఇక్కడ ఒక్కో బొమ్మ కొనేవాళ్లు దొరకరు. దీపావళికి ఉద్యోగుల కోసం రెండొందల గిఫ్టు పెట్టెలు కొనే కంపెనీలు దొరుకుతాయి. కాబట్టి ప్రొఫైల్లో పేరు కింది వరుసలో 'ఫౌండర్' అని కాకుండా 'ఏటికొప్పాక లక్క బొమ్మలు, కంపెనీ ఆర్డర్లకు' అని రాయండి. అక్కడ 220 అక్షరాలు పడతాయి.

సెర్చ్‌లో హైదరాబాద్ ఎంచుకుని హెచ్‌ఆర్, అడ్మిన్, ప్రొక్యూర్‌మెంట్ (కొనుగోళ్లు) హోదాలవాళ్లను వెతకండి. ఎండీల వెంట పడొద్దు, గిఫ్టుల బేరం చాలాచోట్ల వాళ్లదాకా వెళ్లదు. పరిచయం కోరుతూ రోజుకు పది కనెక్షన్ రిక్వెస్టులు చాలు. ఒకేసారి వందలు పంపితే ఖాతాకే ఆంక్షలు పడొచ్చు.

బేరం ఎక్కువగా చెడేది రిక్వెస్ట్ ఒప్పుకోగానే కేటలాగ్ పంపడం వల్ల. ముందు ఒక్కటే అడగండి: "ఈసారి దీపావళి గిఫ్టులు ఖరారయ్యాయా అండీ?" జవాబొచ్చాక ధర, కనీస ఆర్డరు, జీఎస్టీ, రవాణా ఖర్చు విడివిడిగా చూపే ఒక పేజీ పీడీఎఫ్ పంపండి. శాంపిల్ పెట్టె ఉచితంగా ఇవ్వకండి. డబ్బు తీసుకుని, ఆర్డరొస్తే బిల్లులో తగ్గించండి.

ఇదంతా జులైలోనే మొదలెట్టాలి. బొమ్మలు చేసే అంకుడు కర్ర ఆరాలి, లేతు మీద తిప్పాలి, లక్క పట్టించాలి. దీపావళి ముందు నెలలో ఒప్పుకున్న పెద్ద ఆర్డరు చాలాసార్లు సమయానికి అందదు.

పెద్ద కంపెనీలు బిల్లు తీసుకుని తీరిగ్గా చెల్లిస్తాయి. సగం అడ్వాన్సు పర్చేజ్ ఆర్డరులోనే రాయించుకోండి. ఉద్యమ్ నమోదు (చిన్న వ్యాపారాలకు ప్రభుత్వ నమోదు) ఉంటే ఆ నంబరు బిల్లుపై వేయండి. 2006 ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం చెల్లింపు గడువు 45 రోజులు దాటకూడదు.