సెటప్ ఫైల్ అసలుదేనా? హ్యాష్‌తో తేల్చుకోండి

కావలి, కందుకూరు వైపు డీటీపీ షాపుల్లో, కాలేజీ ల్యాబుల్లో సాఫ్ట్‌వేర్ ఇప్పటికీ పెన్‌డ్రైవ్‌ల మీదే చేతులు మారుతుంది. ఒంగోలులో డౌన్‌లోడ్ చేసిన ఫైల్ కనిగిరి చేరేసరికి పేరు 'సెటప్ కొత్తది' అయిపోయి ఉంటుంది. పేరు, తేదీ ఎవరైనా మార్చగలరు. హ్యాష్ అలా కాదు. అది అక్షరాలు, అంకెల వరుస, ఫైల్‌కి వేలిముద్ర లాంటిది. దాన్ని ఫైల్ లోపలి బైట్ల నుంచే లెక్కగడతారు, ఒక్క బైటు మారినా మొత్తం వేరేది వస్తుంది.

సమస్య: ఇది ఏ సాఫ్ట్‌వేరో తెలియడం లేదు

పేరు మార్చేశారు, అంతే. ఫైల్‌ను తెరవకండి. విండోస్ పవర్‌షెల్‌లో గెట్-ఫైల్‌హ్యాష్ (Get-FileHash) అని టైప్ చేసి, ఖాళీ వదిలి, ఫైల్‌ను ఆ విండోలోకి లాగి ఎంటర్ కొట్టండి. లినక్స్‌లో అయితే షా256సమ్ (sha256sum) కమాండ్. వచ్చిన 64 అక్షరాలను, ఫైళ్లలో వైరస్ ఉందేమో చూసే వైరస్‌టోటల్ వెబ్‌సైట్‌లో వెతకండి. ఫైల్ అప్‌లోడ్ చేయనక్కర్లేదు. ఎవరైనా ముందే పంపి ఉంటే దాని పాత పేర్లు, డిజిటల్ సంతకం (ఫైల్ ఎవరు ఇచ్చారో చూపే ముద్ర) వివరాలు కనిపిస్తాయి.

అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ కూడా తెలిసిన సాఫ్ట్‌వేర్ ఫైళ్ల హ్యాష్‌లను ఎన్‌ఎస్‌ఆర్‌ఎల్ పేరుతో ఉచితంగా ఇస్తోంది. అందులో ఉంటే 'తెలిసిన ఫైల్' అనే అర్థం, 'మంచి ఫైల్' అని కాదు. హ్యాకింగ్ టూల్స్ కూడా అందులో ఉంటాయి. ఎక్కడా దొరకనంత మాత్రాన వైరస్ అనీ అనుకోకూడదు. మన ఊరి కుర్రాడు రాసిన బిల్లింగ్ ప్రోగ్రామ్ ఏ జాబితాలోనూ ఉండదు కదా.

సమస్య: హ్యాష్ కలవడం లేదు

తయారీదారు సైట్‌లో ఇచ్చిన హ్యాష్‌తో మీకు వచ్చింది కలవకపోతే వెంటనే టెన్షన్ పడొద్దు. ముందు అక్షరాలు లెక్కపెట్టండి. హ్యాష్ లెక్కగట్టే పద్ధతులు కొన్ని ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్కో పొడవు. 32 ఉంటే ఎండీ5, 40 అయితే షా-1, 64 అయితే షా-256, 128 అయితే షా-512. చాలాసార్లు ఒకదాన్ని ఇంకోదానితో పోలుస్తుంటారు. పవర్‌షెల్ పెద్ద అక్షరాల్లో చూపిస్తుంది, వెబ్‌సైట్లు చిన్న అక్షరాల్లో ఇస్తాయి. ఆ తేడా లెక్కలోకి రాదు.

తర్వాత సైజు చూడండి. తక్కువుంటే డౌన్‌లోడ్ మధ్యలో ఆగిపోయింది. ఉదయగిరి వైపు సిగ్నల్ పోయి వచ్చే చోట ఇది మామూలే. షా-256 'ఇ3బి0సి442'తో మొదలైతే ఫైల్ దాదాపు ఖాయంగా ఖాళీదే, సైజు సున్నా ఉంటుంది. వెర్షన్, 32 బిట్టా 64 బిట్టా అన్నది కూడా సరిచూడండి. జిప్ హ్యాష్ వేరు, లోపలి ఫైల్ హ్యాష్ వేరు.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా కలవకపోతే కాపీ చేసేటప్పుడు ఫైల్ చెడిపోయి ఉండాలి, లేదా ఎవరో లోపల చెయ్యి పెట్టి ఉండాలి. 'కీ అడగదు, నేరుగా పనిచేస్తుంది' అని ఇచ్చే సెటప్‌లు ఎక్కువగా ఈ రెండో రకమే. ఏదైనా సరే, తీసేసి తయారీదారు సైట్ నుంచి కొత్తగా దించుకోండి. అలాంటి ఫైల్‌ను పిల్లలు వాడే ల్యాబులో పెట్టడం నా దృష్టిలో తప్పు.

సమస్య: కలిసింది, అయినా అనుమానం

పోల్చిన హ్యాష్ ఎక్కడిది? అదే పెన్‌డ్రైవ్‌లోని టెక్స్ట్ ఫైల్‌లోదైతే పనికిరాదు. 2016 ఫిబ్రవరిలో లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వెబ్‌సైట్‌లోకే చొరబడి, డౌన్‌లోడ్ లింకును దొంగ ఐఎస్‌ఓ (ఇన్‌స్టాల్ చేసే డిస్క్ ఫైల్)కి మళ్లించారు. సైట్ చేజిక్కినవాడు పక్కనున్న హ్యాష్‌నూ మార్చగలడు. అందుకే ప్రాపర్టీస్‌లో డిజిటల్ సంతకం చూడండి. డెబియన్ అనే లినక్స్ అయితే హ్యాష్ జాబితాకే జీపీజీ అనే సాధనంతో డిజిటల్ సంతకం పెట్టి ఇస్తుంది. ఎండీ5, షా-1లను నమ్ముకోవద్దు. ఒకే హ్యాష్ వచ్చే రెండు వేర్వేరు ఫైళ్లను ఎండీ5కి 2004లో, షా-1కి 2017లో తయారు చేసి చూపించారు.

సరిచూసిన సెటప్‌ల హ్యాష్‌లను ఒక జాబితాగా రాసి, పెన్‌డ్రైవ్‌లో కాకుండా వేరే చోట పెట్టుకోండి. మళ్లీ ఎవరైనా ఫైల్ తెస్తే దానితోనే పోల్చవచ్చు.