పెరటి ఆర్కిడ్లకు చిన్న నీడపందిరి

విజయవాడ, రాజమహేంద్రవరం వంటి ఊళ్లలో ఆర్కిడ్లకు కావలసింది వేడిని పట్టి ఉంచే గాజు గది కాదు. ఎండను తగ్గించి, గాలిని ఆడనిచ్చి, తేమను నిలిపే షేడ్‌నెట్ పందిరి. చుట్టూ పాలిథిన్ షీటు కప్పితే వేసవిలో మొక్కలు ఉడికిపోతాయి కనుక, దానిని వానాకాలంలో పైకప్పుకు మాత్రమే వాడడం మంచిది.

10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు గల స్థలం చాలు. జీఐ (జింకు పూత పూసిన ఇనుప) పైపులతో 9 అడుగుల ఎత్తు చట్రం నిలిపి, ఆర్కిడ్లలో డెండ్రోబియం రకాలకు 50 శాతం, ఫెలనాప్సిస్‌లకు 75 శాతం నీడనిచ్చే వల కప్పాలి. నేలపై కంకర పరచి, వేసవి మధ్యాహ్నాలలో తడుపుతూ, పడమటి వైపు తడి గోనెపట్టాలు వేలాడదీయాలి.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ వేళ్లపై ఉండాలి. ఈ ఆర్కిడ్లు సహజంగా చెట్ల కొమ్మలను పట్టుకొని పెరిగేవి కాబట్టి, కుండీలో మట్టికి బదులుగా బొగ్గు, ఇటుక ముక్కలు, ఉప్పు పోయేలా చాలాసార్లు నానబెట్టి కడిగిన కొబ్బరి పీచు ముక్కలు నింపాలి. తడిసినప్పుడు పచ్చగా ఉండే వేళ్లు వెండి రంగుకు తిరిగితే నీరు కావాలని అర్థం. అప్పుడు ఉదయం పూటే పోయాలి. ఉప్పు బోరునీటి కన్నా నిల్వచేసిన వాననీరు ఎంతో మేలు. ఎదిగే కాలంలో లీటరు నీటికి 1 గ్రాము 19:19:19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండేది) కలిపి వారానికొకసారి పిచికారీ చేయాలి.