ప్రత్యర్థులు చేయి కలిపిన ఘట్టంపై వ్యాసం రాయడం ఎలా?

రాజకీయ ప్రత్యర్థులు దేశహితం కోసం ఒక్కటైన సందర్భంపై వ్యాసమో ఉపన్యాసమో సిద్ధం చేసుకునేవారు ముందుగా ఒకే జంటను, ఒకే ఘట్టాన్ని ఎంచుకోవాలి. హైదరాబాదు వారికి పి.వి. నరసింహారావు, అటల్ బిహారీ వాజపేయిల జెనీవా ఉదంతం చక్కగా నప్పుతుంది.

వ్యాసాన్ని స్నేహంతో కాక వైరంతో మొదలుపెట్టడం మేలు. 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూల్చివేత జరిగిన తరువాత, పి.వి. ప్రభుత్వం మధ్యప్రదేశ్, రాజస్థాన్, హిమాచల్ ప్రదేశ్‌లలోని భాజపా ప్రభుత్వాలను రద్దు చేసింది. 1993 జులైలో అవిశ్వాస తీర్మానానికి భాజపా ఓటు వేయగా, ప్రభుత్వం 265–251 ఓట్లతో గట్టెక్కింది. ఈ చేదును చూపకపోతే తరువాత జరిగినదాని విలువ పాఠకుడికి అందదు.

1994లో కశ్మీరుపై పాకిస్తాన్ జెనీవాలోని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిషన్‌లో తీర్మానం తెచ్చినప్పుడు, పి.వి. భారత ప్రతినిధి బృందానికి నాయకుడిగా లోక్‌సభలో ప్రతిపక్ష నేత అయిన వాజపేయినే పంపారు. విదేశాంగ శాఖ సహాయ మంత్రి సల్మాన్ ఖుర్షీద్ ఆ బృందంలో ఆయన కింద పనిచేశారు. చివరకు పాకిస్తాన్ తీర్మానాన్ని ఉపసంహరించుకుంది.

ఇక్కడ దూరదృష్టి ఎక్కడుందో విడమరచి చెప్పడమే వ్యాసానికి ప్రాణం. రేపు దిల్లీలో ఏ పార్టీ గద్దెనెక్కినా కశ్మీరుపై భారత వైఖరి మారదని ప్రపంచానికి తెలియజేయాలంటే, ఆ మాట అధికారపక్షం నోటి నుంచి కంటే ప్రతిపక్షం నోటి నుంచి రావడమే బలమని నా అభిప్రాయం. అదే ఏడాది ఫిబ్రవరి 22న పార్లమెంటు కశ్మీరుపై ఏకగ్రీవ తీర్మానం చేసిందన్న విషయాన్ని కూడా ఇక్కడే జోడించాలి. అయితే ‘మిత్రులయ్యారు’ అన్న మాటను ఆచితూచి వాడాలి. 1996 ఎన్నికల్లో వారి పార్టీలు మళ్లీ తలపడ్డాయి.

పోలికకు టంగుటూరి ప్రకాశం, నీలం సంజీవరెడ్డిలను తీసుకోవచ్చు. కాంగ్రెస్‌ను వీడి ఆ పార్టీపైనే పోరాడిన ప్రకాశం 1953లో ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రి కాగా, సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రి అయ్యారు. 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో ఆ ప్రభుత్వం పడిపోయింది. అదే ఏడాది వెలసిన శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం మాత్రం నిలిచింది. కలయిక ఎన్నాళ్లు సాగిందన్నదాని కంటే ఏది మిగిలిందన్నది ముందుగా చూడాలి.

ఆధారాల కోసం అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికి, సుల్తాన్ బజారులోని శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయానికి వెళ్లవచ్చు. తేదీలు ముందే రాసుకుని వెళితే వెతుకులాట తగ్గుతుంది. పార్లమెంటు చర్చలు అంతర్జాలంలోనే దొరుకుతాయి.

జ్ఞాపకాలను మాత్రం పత్రాలతో సమానంగా తూచకూడదు. అణు పరీక్షలకు రంగం సిద్ధం చేసింది పి.వి.యేనని, ఆయన 2004 డిసెంబరులో కన్నుమూసిన తరువాత వాజపేయి చెప్పారు. ఆ మాట ప్రత్యర్థి నోటి నుంచి వచ్చింది గనుక విలువైనదే, కానీ అది ఒకరి సాక్ష్యం. కాబట్టి ‘వాజపేయి చెప్పిన ప్రకారం’ అని ముందు చేర్చి, పరీక్షలు 1998 మేలో వాజపేయి హయాంలో జరిగాయన్న విషయాన్ని వెంటనే రాయాలి.