పెద్ద ఇంజెక్టర్లు వేశాక ఈసీయూకి ఏమి చెప్పాలి

టెక్సస్‌లోని ప్లేనోలో నా గ్యారేజీకి సలహా కోసం వచ్చే సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ కార్లకు తరచూ ఒకటే జబ్బు. గ్యారేజీ అంటే ఇంటి గ్యారేజీయే, పగలు నేను చేసే ఉద్యోగం వేరు. జబ్బు లక్షణాలు ఇవి: కారు నడుస్తూనే ఉంటుంది, ఐడిల్‌లో మాత్రం ఊగుతుంది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే పెట్రోలు వాసన గుప్పుమంటుంది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే నాకింగ్ (సిలిండర్‌లో ఇంధనం అదుపు తప్పి పేలడం) మొదలవుతుంది. ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) ఫైలు తెరిచి చూస్తే, ఎవరో గాలి సెన్సర్ పట్టిక మొత్తాన్ని 22 శాతం తగ్గించి ఉంటారు. సిలిండర్లకు పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు పెద్దవయ్యాయి, పెట్రోలు ఎక్కువ పడుతోంది, కాబట్టి గాలి తక్కువ వస్తోందని కంప్యూటర్‌ను నమ్మిస్తే పెట్రోలు తగ్గుతుందని లెక్క. పెట్రోలు తగ్గుతుంది, నిజమే. దాంతోపాటు ఇంజిన్ ఆయుష్షు కూడా తగ్గుతుంది.

ఎందుకో చూడండి. ఈ కార్లలో ఈసీయూ ఇంజిన్ మీద ఎంత భారం ఉందో గాలి సెన్సర్‌ను బట్టే తెలుసుకుంటుంది. సెకనుకు ఎన్ని గ్రాముల గాలి వస్తోందో దాన్ని 60తో గుణించి ఆర్‌పీఎంతో భాగిస్తుంది. 4000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 120 గ్రాములు వస్తుంటే లోడు 1.8 గ్రాములు. పట్టికను 22 శాతం కోస్తే అదే గాలి 1.4గా కనిపిస్తుంది. స్పార్క్ ఎప్పుడు పడాలో చెప్పే టైమింగ్ పట్టికలో లోడు తగ్గేకొద్దీ స్పార్క్ ముందుకు జరుగుతుంది. అంటే సిలిండర్‌లో టర్బో నింపిన గాలి నిండుగా ఉండగా, ఈసీయూ తేలికపాటి ప్రయాణానికి ఇవ్వాల్సిన టైమింగ్ ఇస్తుంది. నాక్ రాక ఏమవుతుంది?

కాబట్టి ఈ పనిలో నేను పట్టుబట్టే నియమం ఒక్కటే. మారింది ఇంజెక్టర్ అయితే ఇంజెక్టర్ పట్టికలనే మార్చండి. మీ కారులో గాలి సెన్సర్ బదులు మ్యానిఫోల్డ్ ప్రెషర్‌తో నడిచే ఈసీయూ ఉన్నా ఇదే మాట వర్తిస్తుంది. అక్కడ వీఈ టేబుల్ (సిలిండర్ ఎంత గాలి నింపుకుంటుందో చెప్పే పట్టిక) జోలికి పోకుండా ముందు ఇంజెక్టర్ సైజు మార్చాలి.

కింద చెప్పేదంతా 2002–05 మధ్య అమెరికాలో అమ్మిన రెండు లీటర్ల డబ్ల్యూఆర్‌ఎక్స్ గురించి. నా దగ్గరున్నది 2004 వ్యాగన్. కంపెనీ ఇంజెక్టర్లు నిమిషానికి సుమారు 440 సీసీ, కొత్తవి 565 సీసీ.

ఎంత పెద్దవి కావాలి

టర్బో ఇంజిన్‌కు ఒక్కో హార్స్‌పవర్‌కు గంటకు సుమారు 0.6 పౌండ్ల పెట్రోలు వేసుకోండి. 300 హార్స్‌పవర్ లక్ష్యమైతే 180 పౌండ్లు. నాలుగు ఇంజెక్టర్లు, ఒక్కొక్కటి 85 శాతం సమయం మాత్రమే తెరుచుకోవాలి అనుకుంటే ఒక్కోదానికి 53 పౌండ్లు. దాన్ని 10.5తో గుణిస్తే 556 సీసీ. 565 సరిపోతాయి. ఇంకా పెద్దవి ఎందుకు వేయకూడదని అడుగుతారు. వేయవచ్చు, కానీ ఐడిల్‌లో ఇంజెక్టర్ తెరుచుకునే సమయం అంతకంత చిన్నదవుతుంది, ఆ చిన్న సమయంలో కచ్చితత్వం దొరకదు. అవసరానికి మించి కొనుక్కునేది తలనొప్పి మాత్రమే. ఈ85 (85 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు) పోయిద్దామనుకునేవాళ్లు మాత్రం ముందే లెక్క వేసుకోవాలి. పెట్రోలుకు ఒకవంతు ఇంధనానికి 14.7 వంతుల గాలి సరిపోయే చోట ఈ85కి 9.8 దగ్గర ఆగుతుంది, కాబట్టి అదే శక్తికి ఇంజెక్టర్‌లో మూడో వంతుకు పైగా అదనపు సామర్థ్యం కావాలి. ఇక్కడి పంపుల్లో మామూలుగా దొరికే ఈ10కి ఆ అంకె 14.1. ఇండియాలో ఇప్పుడు పోస్తున్న ఈ20కి 13.5. అందుకే నేను ఎప్పుడూ లాంబ్డాలోనే, అంటే సరిగ్గా సరిపోయే గాలితో పోలిస్తే నిజంగా ఎంత గాలి ఉందో చెప్పే నిష్పత్తిలోనే మాట్లాడతాను. ఏ ఇంధనమైనా 1.00 అంటే 1.00.

కొనే ముందు రెండు సంగతులు చూడండి. మల్టీమీటర్‌తో ఇంజెక్టర్ రెసిస్టెన్స్ కొలిస్తే 11–16 ఓమ్‌ల మధ్య రావాలి. రెండు నుంచి నాలుగు ఓమ్‌లు వస్తే అది వేరే జాతి, ఈ ఈసీయూకి నేరుగా తగిలిస్తే దానిలోని డ్రైవర్ సర్క్యూట్ కాలిపోవచ్చు. రెండోది, నాలుగింటినీ ఒకే పీడనం మీద పరీక్షించి జత చేసిన కాగితం అడగండి. ఎగ్జాస్ట్‌లో ఉన్న సెన్సర్ నాలుగు సిలిండర్ల సగటునే చూస్తుంది. ఒక ఇంజెక్టర్ ఐదు శాతం తక్కువ పోస్తున్నా అంకెలన్నీ బంగారంలా కనిపిస్తాయి, ఆ ఒక్క సిలిండర్ మాత్రం వేడెక్కుతుంది. సుబారు వాళ్లకు నాలుగో సిలిండర్ పేరు చెబితేనే గుండె దడ. ఆ కాగితం మీద ఏ పీడనం దగ్గర కొలిచారో కూడా చూడండి. 3 బార్ దగ్గర 440 అన్న ఇంజెక్టర్ 4 బార్ దగ్గర 508 అవుతుంది. పీడనం పెరిగిన నిష్పత్తికి వర్గమూలం కట్టాలి, అంతే.

విప్పే ముందు

పాత ఇంజెక్టర్లతోనే ఒకసారి లాగ్ తీసుకోండి. ఎక్కువమంది ఇది వదిలేస్తారు, తర్వాత ఏ తేడా కొత్త ఇంజెక్టర్‌ది, ఏది పాత గాలి లీకుది అని తెలియక తల పట్టుకుంటారు. ఆర్‌పీఎం, గాలి సెన్సర్ వోల్టేజీ, సెకనుకు గ్రాములు, ఇంజెక్టర్ పల్స్ (ఒక్కోసారి తెరిచి ఉంచే సమయం), ఏఎఫ్ కరెక్షన్ (ఈసీయూ అప్పటికప్పుడు పెట్రోలును సరిచేసే శాతం), ఏఎఫ్ లెర్నింగ్ (అది గుర్తుపెట్టుకున్న సవరణ), బ్యాటరీ వోల్టేజీ, కూలెంట్ ఉష్ణోగ్రత, నాక్ కరెక్షన్: ఇవి చాలు. పాత ట్రిమ్‌లు, అంటే ఆ కరెక్షన్, లెర్నింగ్ కలిపిన మొత్తం, ఐదు శాతం లోపు లేకపోతే ముందు ఆ సంగతి తేల్చండి.

డౌన్‌పైప్‌లో (టర్బో తర్వాతి ఎగ్జాస్ట్ గొట్టం) ఒక వైడ్‌బ్యాండ్ సెన్సర్ (లాంబ్డాను కచ్చితంగా కొలిచేది) తప్పనిసరి. కంపెనీ బిగించిన ముందు ఆక్సిజన్ సెన్సర్ టర్బో కంటే ముందే ఉంటుంది. అక్కడి ఒత్తిడి, వేడి వల్ల పూర్తి యాక్సిలరేటర్ మీద దాని మాట నమ్మలేం.

తర్వాత అసలు ఫైలును చదివి దాచుకోండి. నేను వాడేది టాక్ట్రిక్స్ ఓపెన్‌పోర్ట్ 2.0 కేబుల్, రాయడానికి ఈసీయూఫ్లాష్, పట్టికలు మార్చడానికి రోమ్‌రైడర్. ఈ ఏడాదుల కార్లకు స్టీరింగ్ కింద ఉన్న ఆకుపచ్చ టెస్ట్ కనెక్టర్లు కలపాలి, దానితోపాటు ఇనిట్ కనెక్టర్‌కు చిన్న ప్లగ్ పెట్టాలి. బ్యాటరీకి ఛార్జర్ తగిలించి ఉంచండి. రాయడం సగంలో ఉండగా వోల్టేజీ పడిపోతే ఈసీయూ ఇటుక ముక్కే.

బిగింపు గురించి ఎక్కువ చెప్పను. ఫ్యూయల్ పంపు కనెక్టర్ తీసి ఇంజిన్ దానంతట అది ఆగే దాకా నడిపి పీడనం దించండి. ఇవి పైనుంచి పెట్రోలు తాగే ఇంజెక్టర్లు, సీళ్లన్నీ కొత్తవే వేయండి. స్టార్ట్ చేయకుండా కీ తిప్పి పంపు నడిపి, టార్చి వేసి ప్రతి సీలూ చూడండి. పక్కన మంటలార్పే సిలిండర్ ఉండాలి.

రెండు అంకెలు, రెండు రకాల తప్పులు

ఇంజెక్టర్ గురించి ఈసీయూకి తెలియాల్సినవి రెండు. ఒకటి ప్రవాహం, అంటే తెరుచుకున్నాక ఎంత పోస్తుందో. రెండోది లేటెన్సీ, అంటే కరెంటు ఇచ్చాక నిజంగా తెరుచుకోవడానికి పట్టే సమయం. ఇది బ్యాటరీ వోల్టేజీతో మారుతుంది. 14 వోల్టుల దగ్గర సుమారు ఒక మిల్లీసెకను, వోల్టేజీ పడేకొద్దీ పెరుగుతుంది.

ప్రవాహం విషయంలో డబ్బా మీది అంకెను నేరుగా టైపు చేయకండి. రోమ్‌రైడర్ చూపించే సీసీ ఒక అంచనా మాత్రమే. ఫైలులో ఉన్నది మరో సంఖ్య, 2707090ని దానితో భాగించి మనకు సీసీగా చూపిస్తుంది. రోమ్‌రైడర్ ఇప్పుడు చూపిస్తున్న సీసీ విలువను 565/440తో గుణించి పెట్టండి. లేటెన్సీకి తయారీదారు ఇచ్చిన పట్టికను వోల్టేజీ వారీగా దించండి. పట్టిక ఇవ్వని తయారీదారు దగ్గర కొనవద్దు, చవకగా వచ్చినా సరే.

ఇప్పుడు స్టార్ట్ చేసి, ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక రెండు చోట్ల లాగ్ తీయండి: ఐడిల్‌లో, తర్వాత మూడు వేల ఆర్‌పీఎం దగ్గర నిలకడగా హైవే మీద. కరెక్షన్‌ను, లెర్నింగ్‌ను కలిపి చూడండి.

రెండు చోట్లా ట్రిమ్ ఒకేలా, ఉదాహరణకు ప్లస్ 6 ఉంటే, ఇంజెక్టర్ మీరు చెప్పినదానికంటే చిన్నది. ప్రవాహం అంకెను ఆరు శాతం తగ్గించండి. హైవే మీద సున్నాకు దగ్గరగా ఉండి ఐడిల్‌లో మాత్రం ప్లస్ 9 ఉంటే తప్పు లేటెన్సీది. లెక్క ఇలా ఉంటుంది. ఐడిల్‌లో పల్స్ 2.1 మిల్లీసెకన్లు, అందులో లేటెన్సీ 1.0. పెట్రోలు నిజంగా పోసే సమయం 1.1. దానిలో తొమ్మిది శాతం అంటే 0.1 మిల్లీసెకను. లేటెన్సీ పట్టికలో ఆ వోల్టేజీ దగ్గర 0.1 కలపండి. అదే 0.1 మిల్లీసెకను 6000 ఆర్‌పీఎం దగ్గర 15 మిల్లీసెకన్ల పల్స్‌లో ఒక శాతం కూడా ఉండదు. ఐడిల్ ఊగుతోందని ప్రవాహం అంకెను కదిపేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. ఐడిల్ కుదురుతుంది, పైన మొత్తం చెడుతుంది.

లేటెన్సీ పట్టిక వాలు సరిగ్గా ఉందో లేదో చూడడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. ఐడిల్‌లో హెడ్‌లైట్లు, వెనక అద్దం హీటర్, బ్లోయర్ ఒకేసారి వేయండి. వోల్టేజీ 14.2 నుంచి 13.4కి జారుతుంది. ట్రిమ్ కదలకపోతే పట్టిక మంచిదే. వోల్టేజీ పడుతున్నప్పుడు ట్రిమ్ పైకి లేస్తే తక్కువ వోల్టేజీ వైపు లేటెన్సీ చాలడం లేదు. ఏసీ మాత్రం వేయకండి, అది ఇంజిన్ భారాన్నే మార్చి లెక్కను పాడు చేస్తుంది.

గాలి సెన్సర్ పట్టికను ముట్టుకునే హక్కు ఈ రెండూ కుదిరాకే వస్తుంది. అదీ మీరు ఎయిర్ ఇన్‌టేక్ మార్చి ఉంటేనే.

చాలామంది మరచిపోయే రెండు పట్టికలు

ఈ ఈసీయూలో స్టార్ట్ చేసేటప్పుడు ఎంత పోయాలో చెప్పే క్రాంకింగ్ పట్టికలు, యాక్సిలరేటర్ హఠాత్తుగా తొక్కినప్పుడు అదనంగా పోసే టిప్-ఇన్ పట్టిక నేరుగా మిల్లీసెకన్లలో ఉంటాయి. ప్రవాహం అంకె మారినా ఇవి మారవు. స్టార్ట్ చేసినప్పుడు పాత ఇంజెక్టర్ ఎంతసేపు తెరుచుకునేదో కొత్తదీ అంతసేపే తెరుచుకుంటుంది, పెట్రోలు మాత్రం 28 శాతం ఎక్కువ పోస్తుంది. పొద్దున్నే గుప్పుమనే వాసన, నల్లగా మసి పట్టిన ప్లగ్గులు, ఎంత తిప్పినా అందుకోని ఇంజిన్, అన్నీ ఇక్కడివే. రెండింటినీ 0.78తో గుణించండి. క్రాంకింగ్ పట్టిక కూలెంట్ ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది కాబట్టి ఒక్క పొద్దుటి పరీక్షతో అయిపోదు. టెక్సస్ వేసవిలో సరిచేసిన కారు జనవరి చలిలో మళ్లీ చూడాల్సి వస్తుంది. ఒకసారి ఒక గడినే మార్చండి, ఆ ఉష్ణోగ్రత మళ్లీ వచ్చే దాకా ఆగండి.

పూర్తి యాక్సిలరేటర్

దీన్ని రోడ్డు మీద చేయకండి. డైనో (కారును రోలర్ల మీద నడిపి శక్తి కొలిచే యంత్రం) అద్దెకు దొరుకుతుంది, లేదా ట్రాక్ డే చూసుకోండి. వెళ్లే ముందు లెర్నింగ్ పట్టిక చూడండి. ఈ కార్లలో అది గాలి ప్రవాహాన్ని బట్టి నాలుగు భాగాలు, చివరిది సెకనుకు 40 గ్రాములకు పైన. హైవే మీద నేర్చుకున్న ఆ చివరి అంకె పూర్తి యాక్సిలరేటర్‌కు కూడా వర్తిస్తుంది. అక్కడ మైనస్ 10 కూర్చుని ఉంటే, టర్బో నిండుగా ఊదుతున్నప్పుడు పది శాతం పెట్రోలు కోసేస్తుంది. మూడు శాతం లోపుకు రాకుండా నేను ముందుకు కదలను.

మూడో గేరులో 2500 నుంచి మొదలుపెట్టి, మొదట 4500 దగ్గరే వదిలేయండి. లాంబ్డా 0.76–0.80 మధ్య ఉండాలి. ఫీడ్‌బ్యాక్ నాక్ కరెక్షన్ (నాక్ వినగానే ఈసీయూ వెనక్కి తీసే టైమింగ్) మైనస్ 2 కనిపిస్తే అక్కడే కాలు తీయండి. ఐఏఎం (టైమింగ్ మీద ఈసీయూకి ఎంత నమ్మకముందో చూపే అంకె) 16 దగ్గర నిలవాలి, అది పడిందంటే ఈసీయూ మీకంటే ముందే భయపడిందని అర్థం. అన్నీ సరిగ్గా ఉంటే 5500, ఆ తర్వాత రెడ్‌లైన్ దాకా. డ్యూటీ సైకిల్ (ఇంజెక్టర్ తెరిచి ఉండే సమయ శాతం) కోసం ఆర్‌పీఎంను పల్స్‌తో గుణించి 1200తో భాగించండి. 6000 దగ్గర 15 మిల్లీసెకన్లంటే 75 శాతం. 85 దాటితే బూస్ట్ తగ్గించండి, లేదా ఇంజెక్టర్ మళ్లీ ఎంచుకోండి.

ఉద్గారాల సంగతి కూడా చూసుకోవాలి. క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేయడం, దాని సెన్సర్‌ను మోసం చేయడం ఫెడరల్ చట్టానికి విరుద్ధం, వాటి జోలికి నేను పోను, ఎవరికీ చేసి పెట్టను. డాలస్, హ్యూస్టన్ చుట్టుపక్కల కౌంటీల్లో ఉద్గారాల పరీక్ష ఇంకా ఉంది. ఈసీయూకి కొత్త ఫైలు రాసిన ప్రతిసారీ రెడీనెస్ మానిటర్లు (ఉద్గారాల భాగాలను కారు తానే పరీక్షించుకుని పెట్టుకునే గుర్తులు) చెరిగిపోతాయి. రాసిన మర్నాడే పరీక్షకు వెళితే వెనక్కి పంపిస్తారు. కొన్ని రోజులు ఊళ్లోనూ హైవే మీదా మామూలుగా నడిపి, ఓబీడీ స్కానర్‌లో మానిటర్లు పూర్తయ్యాయో లేదో చూసుకుని వెళ్లండి. ప్రతి ఫైలునూ తేదీతో, ఏ పట్టికలో ఏమి మార్చారో రాసి దాచండి. ఆఖరున ఈసీయూలో ఉన్న ఫైలు ఏదో కారు గ్లోవ్ బాక్స్‌లో ఒక కాగితం మీద కూడా ఉండాలి. కారు మీ తర్వాత ఎవరి చేతికి వెళ్లినా, అందులో ఏ ఇంజెక్టర్లున్నాయో వాళ్లకు తెలుస్తుంది.