డ్రయ్యర్ వెనక రేకు విప్పే ముందు

చలి మొదలైంది. అమెరికాలో మనవాళ్ల ఇళ్లలో బట్టలారబెట్టే డ్రయ్యర్‌కి ఇక రోజూ పనే. "తిరుగుతోంది గానీ వేడి రావట్లేదు" అంటూ ఫోన్లూ మొదలవుతాయి. స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఇవి చూసుకోండి.

– ప్లగ్గు పీకేయండి. బటన్ ఆపితే చాలదు, ఎలక్ట్రిక్ డ్రయ్యర్‌కి వచ్చేది 240 వోల్టులు. గ్యాస్‌దైతే వాల్వు కూడా కట్టేయండి. గ్యాస్ వాసన వస్తోందంటే అది మనం ముట్టుకునే పని కాదు.

– థర్మల్ ఫ్యూజు (మరీ వేడెక్కితే కరెంటు తెంచేసే చిన్న భాగం) పోయిందా? కొత్తది వేసే ముందు గాలి గొట్టం చూడండి. చాలాసార్లు గాలి బయటికి పోక లోపల కాగిపోతేనే ఫ్యూజు పోతుంది. నేను ఫ్యూజు మార్చేసి సంబరపడ్డాను, వారంలో మళ్లీ పోయింది. గొట్టం ఊడదీస్తే గోడ మలుపు దగ్గర బూడిదరంగు బట్టల నూగు, చిన్న తలగడంత! ఫ్యూజు తీసేసి తీగలు రెండూ కలిపేయడం మాత్రం వద్దు, కొంప అంటుకుంటుంది.

– బ్రేకర్‌ని పూర్తిగా ఆపి మళ్లీ వేయండి. ఆ 240 వోల్టులు వచ్చే రెండు లైన్లలో ఒకటి పోతే మోటారు తిరుగుతుంది, హీటర్ వెలగదు.

– గొట్టం 4 అంగుళాల లోహపుదే కొనండి, ప్లాస్టిక్‌ది కాలుతుంది. స్క్రూలతో బిగించకండి, లోపలి మొనలకు నూగు పట్టుకుంటుంది.

– తీగలు ఊడదీసే ముందు ఫొటో తీసుకోండి.

– గ్లవ్స్ వేసుకోండి. రేకు అంచులు కత్తిపీటలే.

– మిషన్ని వెనక్కి నెట్టేటప్పుడు గొట్టం నలగనివ్వకండి. నలిగితే మళ్లీ అదే ఫ్యూజు.