బడికి తిరిగి వచ్చిన పిల్లవాడు నిలవకపోతే: సమస్య – పరిష్కారం

కర్నూలు జిల్లాలో జువైనల్ జస్టిస్ బోర్డు (పద్దెనిమిదేళ్లలోపు పిల్లల మీద వచ్చిన కేసులు విచారించేది) ముందు విచారణ ఎదుర్కొని, విచారణ కాలంలో పిల్లలను ఉంచే అబ్జర్వేషన్ హోంలో కొన్ని వారాలో నెలలో గడిపి వచ్చిన పిల్లవాడు బడిలో చేరిన కొద్దికాలానికే మానేస్తే, "వాడికి చదువు మీద మనసు లేదు" అని తేల్చేయడం పెద్దలకు అలవాటు. ఆ కారణాన్ని అన్నిటికన్నా చివర పరిశీలించమని నా మనవి. అంతకు ముందు చూడవలసినవి చాలా ఉన్నాయి.

సమస్య: బడి చేర్చుకోనంటుంది

టీసీ లేదనో, విద్యా సంవత్సరం మధ్యలో చేర్చుకోమనో చెబుతారు. అది నిజంగా కాగితాల ఇబ్బందా, కేసు గురించిన భయమా అన్నది ముందుగా తేల్చుకోవాలి. చేర్చుకోకపోవడానికి కారణాన్ని రాసి ఇవ్వమని మర్యాదగా అడగండి. కాగితాల ఇబ్బందే అయితే రాసిస్తారు, భయమైతే సాధారణంగా రాయరు. ఎనిమిదో తరగతి వరకు 2009 నాటి విద్యాహక్కు చట్టం స్పష్టంగానే ఉంది: టీసీ ఆలస్యమైందని గానీ, వయసు ధ్రువపత్రం లేదని గానీ, గడువు దాటిందని గానీ ప్రవేశం నిరాకరించకూడదు. తొమ్మిది, పది తరగతులకు ఆ చట్టం వర్తించదు కనుక ఎంఈవోను (మండల విద్యాధికారి), ఆపైన డీఈవోను (జిల్లా విద్యాధికారి) ఆశ్రయించాలి. 2022లో జిల్లాలు విడిపోయిన తర్వాత పాత బడి నంద్యాల జిల్లాలోకి వెళ్లి ఉంటే, టీసీ కోసం అక్కడి అధికారులనే కలవవలసి ఉంటుంది.

ఇక్కడ తల్లిదండ్రులు తరచుగా ఒక పొరపాటు చేస్తారు. బోర్డు ఉత్తర్వు ప్రతిని తీసుకువెళ్లి ప్రధానోపాధ్యాయుని బల్ల మీద పెడతారు. దానితో సీటు దొరకవచ్చు గానీ కేసు సంగతి ఆఫీసు గదిలో అందరికీ తెలిసిపోతుంది. దానికి బదులు, కేసు ప్రస్తావన లేకుండా పిల్లవాణ్ణి చేర్చుకోమని కోరే సాధారణ లేఖను కేసులో పిల్లవాడి బాగోగులు చూసే ప్రొబేషన్ అధికారి నుంచో జిల్లా బాలల సంరక్షణ విభాగం నుంచో తీసుకోవాలి.

సమస్య: వారం తిరగకముందే తగాదా

"జైలు నుంచి వచ్చినాడు" అని వెనుక బెంచీలో ఎవరో అంటారు, ఇతడు చేయి చేసుకుంటాడు, రిజిస్టరులో ఇతని పేరే ఎక్కుతుంది. కారణం పిల్లవాడి కోపమే అనుకుంటే సగమే చూసినట్టు. ఆ మాట తరగతిలోకి ఎలా వచ్చిందో వెతికితే, చాలాసార్లు అది స్టాఫ్ రూము నుంచో ఊరి వాట్సాప్ గ్రూపు నుంచో మొదలై ఉంటుంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం పిల్లవాడి పేరు, చిరునామా, చివరికి బడి పేరు కూడా ఏ సమాచార మాధ్యమంలోనూ బయటపెట్టకూడదు. ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు శిక్షో, రెండు లక్షల రూపాయల వరకు జరిమానానో, రెండూనో పడవచ్చు.

అయితే చట్టం చూపి బెదిరించడంతో తరగతి గది చల్లబడదు. బడిలో సంగతి తెలిసిన వారు ఒక్కరే ఉండాలి, ఆ ఒక్కరూ పిల్లవాడు నమ్మి చెప్పుకోగల ఉపాధ్యాయుడో ఉపాధ్యాయినో అయి ఉండాలి. ఎవరైనా రెచ్చగొడితే తరగతి నుంచి లేచి నేరుగా వారి దగ్గరకు వెళ్లే అనుమతి ముందే ఇచ్చి ఉంచాలి. "ఇన్నాళ్లు ఎక్కడికి పోయినావు?" అన్న ప్రశ్నకు "మా బంధువుల ఊరిలో ఉంటిని" వంటి చిన్న జవాబును ఇంట్లోనే అలవాటు చేయించాలి. ఇది అబద్ధం నేర్పడమని కొందరు అభ్యంతరం చెబుతారు గానీ, తోటి పిల్లలకు తన కేసు వివరించవలసిన బాధ్యత ఆ పిల్లవాడికి లేదు.

సమస్య: తరగతిలో మౌనంగా కూర్చుంటాడు, మాటిమాటికీ నీళ్లకని బయటికి పోతాడు

చాలాసార్లు ఇది చదవలేకపోవడాన్ని దాచుకోవడమే. అందరి ముందు కాకుండా ఒంటరిగా ఒక పేరా చదివించి, ఒక భాగహారం చేయించి చూడండి. వెనుకబడి ఉన్నాడని చిన్న పిల్లల మధ్య కూర్చోబెట్టడం పరిష్కారం కాదు, మీసాలు వస్తున్న కుర్రవాడు ఆ అవమానం భరించలేడు. విద్యాహక్కు చట్టం 4వ సెక్షన్ వయసుకు తగిన తరగతిలోనే చేర్చి, అదనంగా ప్రత్యేక శిక్షణ ఇవ్వమంటుంది. పద్నాలుగేళ్లు దాటినా ఎనిమిదో తరగతి పూర్తయ్యే వరకు ఉచిత విద్య హక్కుగానే కొనసాగుతుంది.

సమస్య: కొన్ని తేదీల్లోనే గైర్హాజరు

ఆ తేదీలను బోర్డు వాయిదా తేదీలతో పోల్చి చూడండి. ఆదోని నుంచి కర్నూలుకు వెళ్లి రావడానికి రోజంతా పడుతుంది. వీలైతే బడికి సెలవున్న రోజుల్లో తేదీ ఇమ్మని ప్రొబేషన్ అధికారి ద్వారా బోర్డును కోరాలి. సెలవు చీటీలో "ఇంటి పని" అని రాస్తే చాలు.

సమస్య: సంక్రాంతి తర్వాత కనిపించడు

కోసిగి, ఆలూరు వైపు కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి (పంట పనుల వలస) పోతే పిల్లవాడూ వెంట పోతాడు. అప్పుడు బడితోపాటు వాయిదా కూడా తప్పుతుంది, రెండోది మరింత ప్రమాదం. కుటుంబం బయలుదేరక ముందే వలస కుటుంబాల పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టల్లో చోటు గురించి ఎంఈవోను అడగాలి. తప్పనిసరై వెంట వెళితే కొత్త చిరునామా ప్రొబేషన్ అధికారికి తెలియజేయాలి.

సమస్య: పదో తరగతి పరీక్షకు హాజరు చాలదు

పద్నాలుగేళ్లు నిండినవారికి ఏపీ సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పదో తరగతి రాసే వీలుంది. కానీ పిల్లవాణ్ణి వదిలించుకోవడానికి బడి ఈ దారి చూపిస్తే ఒప్పుకోకండి. రెగ్యులర్‌గా కొనసాగే అవకాశం నిజంగా మూసుకుపోయిందో లేదో డీఈవో కార్యాలయంలో అడిగి తెలుసుకున్న తర్వాతే దరఖాస్తు నింపాలి.